నిప్పుకు కాపలా – వారెన్ జాన్సన్ మేష్టారి జీవితం

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే కుటుంబం. బ్యారన్‌కి నిప్పు పెట్టామంటే వారం రోజులు ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర వుండదు. మొదట తక్కువ వేడి మీద ఆకు పసుపు తిరగాలి. తర్వాత మెల్లమెల్లగా వేడి పెంచుకుంటూ, ఈనె ఆరేటప్పటికి 160 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా తీసుకుపోవాలి. తొందరపడితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, ఏమరితే నల్లబడుతుంది. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక రాత్రి కాపలా నాది. కునుకు పట్టేసింది. తెల్లారి చూస్తే పొయ్యి చల్లారి వుంది. ఆ ఆకు సగం ధరకు పోయింది. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇప్పటికీ బాధ.

అందుకేనేమో, వారెన్ సేమర్ జాన్సన్ గారి జీవితం చదువుతుంటే ఆయన కన్నా ముందు ఆయన కళాశాలలో కొలిమి చూసుకునే జవాను నా కళ్ళకు కట్టాడు.

జాన్సన్ 1847లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం విస్కాన్సిన్‌కు తరలి వెళ్ళింది. అచ్చు పని, భూముల సర్వే, బడిపంతులు ఉద్యోగం – ఇలా పలు పనులు చేసి, 1876లో వైట్‌వాటర్ అనే ఊళ్ళోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో సైన్సు అధ్యాపకుడుగా చేరాడు.

విస్కాన్సిన్ చలికాలం మన మాఘమాసం లాంటిది కాదు, మంచు గడ్డకట్టే చలి. కొలిమి నేలమాళిగలో, తరగతులు పైన. ఏ గది ఎంత వేడిగా వుందో కింద వున్నవాడికి తెలిసే దారి లేదు. కాబట్టి జవాను పాఠం మధ్యలోనే గది గదికీ వచ్చి, థర్మామీటరు చూసి, మళ్ళీ కిందికి దిగి కొలిమి గాలిమూతలు సరిచేసేవాడు. పాఠం చెడేది, ఆ మనిషి కాళ్ళూ అరిగేవి. చాలామంది మేష్టర్లయితే విసుక్కుని వూరుకుంటారు. జాన్సన్ మాత్రం దీనికి ఉపాయం ఆలోచించాడు.

రెండు లోహాలు అతికించిన పట్టీ వేడికి వంగుతుందని మనమంతా ఫిజిక్సులో చదివినదే. ఆయన అటువంటి లోహపు చుట్టను గదిలో అమర్చాడు. వేడి మారితే అది కదిలి విద్యుత్ వలయాన్ని కలుపుతుంది, నేలమాళిగలో గంట మోగుతుంది. ఈ ఎలక్ట్రిక్ టెలీథర్మోస్కోప్‌కు 1883లో పేటెంటు వచ్చింది. ప్లాంకింటన్ అనే మిల్వాకీ ధనికుడు పెట్టుబడి పెట్టగా 1885లో అక్కడే కంపెనీ వెలసింది. జాన్సన్ పాఠాలు మాని పూర్తిగా యంత్రాల్లో దిగాడు.

గంట మోగినా కదలవలసింది మళ్ళీ జవానే కదా! ఆ లోటు కూడా ఆయనే తీర్చాడు. గదిలోని థర్మోస్టాట్ సంపీడిత గాలి ఒత్తిడిని మార్చి, ఆవిరి వాల్వును తనంతట తానే తెరిచి మూసే పద్ధతికి 1895లో పేటెంటు పొందాడు. దాంతో పెద్ద భవనాల్లో ఏ గదికాగది వేడి విడివిడిగా నడిచింది. గోపుర గడియారాలు, వైర్‌లెస్, ఆవిరి కార్లు – ఆయన చెయ్యి పెట్టని పని లేదు. పేటెంట్లు యాభైకి పైనే. 1911లో లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. తర్వాత కంపెనీ తక్కినవి వదిలి ఉష్ణ నియంత్రణనే పట్టుకుంది.

అయితే గది థర్మోస్టాట్‌కు ఒక లోపం వుంది. గది చల్లబడ్డాకనే అది చెబుతుంది. బాయిలర్‌లో నీళ్ళు కాచి ఇనుప రేడియేటర్లలోకి పంపే ఇళ్ళలో ఇది బాగా తెలుస్తుంది. అన్ని నీళ్ళూ అంత ఇనుమూ వేడెక్కేసరికి ఆలస్యం, ఆపేసరికి ఉక్క. అందుకని తర్వాతి ఇంజనీర్లు అవుట్‌డోర్ రీసెట్ అనే పరికరం తెచ్చారు. ద్రవం నింపిన ఒక లోహపు బుడ్డి ఇంటి బయట, ఇంకొకటి వేడినీటి గొట్టం దగ్గర. సన్నని రాగి గొట్టాలతో రెంటినీ ఒక స్విచ్చికి కలిపేవారు. బయట ఒక డిగ్రీ చలి పెరిగితే నీటి వేడి ఒక డిగ్రీనో ఒకటిన్నరో పెరిగేలా నిష్పత్తి వుండేది. సున్నా ఫారన్‌హీట్ చలిలో 180 డిగ్రీల నీళ్ళు కావలసిన ఇంటికి, బయట 60 డిగ్రీలున్న రోజున 120 చాలు. బయటి బుడ్డిని మాత్రం ఎండ తగలని ఉత్తరపు గోడకే పెట్టాలి. ఎండ సోకిందా, వాతావరణం వెచ్చగా వుందని మోసపోయి ఇంటిని చలిలో వుంచేస్తుంది.

ఇది చదివి నవ్వుకున్నాను. మా నాన్న సాయంత్రం గాలి ఎటు నుంచి వీస్తోందో, ఆకాశం ఎంత తేటగా వుందో చూసి, చలి దిగకముందే పొయ్యిలో రెండు తుమ్మ మొద్దులు ఎక్కువ వేస్తాడు. ఆయన ఏ పరికరం పేరూ విని ఎరగడు.

ఈ యేడు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక లోహపు పట్టీ, బ్యాటరీ, సైకిలు గంటంత విద్యుత్ గంట తీసుకెళ్ళి బ్యారన్‌కు బిగించాను. నాన్న ఏ పూటకెంత వేడి చెబితే మర అంతకు తిప్పాను. వేడి తగ్గితే ఆయన మంచం పక్కన గంట మోగాలి. వారంలో మూడుసార్లు మోగింది. రెండుసార్లు నాన్న అప్పటికే పొయ్యి దగ్గర వున్నాడు. మూడోసారి మాత్రం గంటే ఆయన్ని లేపింది.

ఆ మూడోసారి కోసమే నూరేళ్ళ కిందట పోయిన ఆ మేష్టారికి నేను నమస్కారం పెట్టుకున్నాను.