పుట్టిన తొలి నిమిషాన్ని లెక్కకు తెచ్చిన డాక్టరమ్మ

బళ్లారిలో అయినా, హోసూరులో అయినా, బరంపురంలో అయినా కాన్పు తర్వాత ఆసుపత్రి వాళ్లు ఇచ్చే కాగితం చాలావరకు ఇంగ్లిషులోనే ఉంటుంది. అందులో అప్గార్ అన్న మాట పక్కన 8, 9 అంటూ రెండంకెలు కనిపిస్తాయి. అదేదో పరీక్ష పేరనుకుంటాం. నిజానికి అది ఒకావిడ ఇంటిపేరు.

వర్జీనియా అప్గార్ 1909లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టారు. ఒక అన్న క్షయతో చిన్నప్పుడే పోయాడు, ఇంకో అన్న నిత్యరోగి. 1933లో కొలంబియా వైద్యకళాశాలలో పట్టా అందుకుని, సర్జన్ కావాలనుకున్నారు. చేతిలో పనితనం ఉన్నా ఆడవాళ్లకు ఆ రంగంలో బతుకుతెరువు కష్టమని పెద్ద డాక్టరు మత్తు వైద్యం వైపు మళ్లించారు. అప్పట్లో మత్తు ఇవ్వడం ఎక్కువగా నర్సుల పని. అదే విద్యలో ఆమె 1949లో ఆ కళాశాల తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు.

మత్తు ఇచ్చే మనిషి గనుక ప్రసవ గదిలో ఆమె కంటికి అన్నీ కనిపించేవి. ఆ రోజుల్లో కాన్పు కాగానే అందరి చూపూ తల్లి మీదే. ఊపిరి అందక నీలంగా మారిన బిడ్డ బతకదులే అని పక్కన పెట్టేసేవారు కూడా. బిడ్డ స్థితిని ఎలా అంచనా వేయాలని ఒక వైద్య విద్యార్థి క్యాంటీన్‌లో అడిగితే, దొరికిన కాగితం మీద అయిదు అంశాలు రాసిచ్చారని చెబుతారు: గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా నుంచి 2 దాకా, మొత్తం 10. కాన్పు చేసినవారే అంకె వేయకూడదన్నది ఆమె పట్టుదల. తమ పనికి తామే మార్కులు వేసుకుంటే ఎలా ఉంటుందో మన టీచర్లకు చెప్పక్కర్లేదు!

1953లో ఆ పద్ధతి అచ్చయింది. తల్లికి ఇచ్చే ఒక మత్తు వాయువు బిడ్డ ఊపిరిని మందగింపజేస్తోందని అంకెలు చూపితే, తనకెంతో ఇష్టమైన ఆ వాయువును ఆమె వదిలేశారు. బయటికెళ్లినా సంచిలో చిన్న కత్తి, ఊపిరి గొట్టం ఉండాల్సిందే. 1974లో కన్నుమూశారు.

ఇప్పటి పద్ధతిలో డాక్టర్లు అంకె కోసం ఆగరు. పుట్టగానే బిడ్డను తుడిచి, వెచ్చగా ఉంచి, ఊపిరి అందకపోతే మొదటి నిమిషంలోనే మాస్కు, బ్యాగుతో గాలి అందిస్తారు. బిడ్డ ఎలా తేరుకుంటోందో చూడటానికే ఒకటో నిమిషంలో, అయిదో నిమిషంలో అంకె వేస్తారు. కొందరు తల్లిదండ్రులు ఆ అంకెను పిల్లవాడి తెలివికి ముడిపెట్టి బెంగపడతారు. అది అందుకు పెట్టింది కాదు. ఒక్కో బిడ్డ రేపు ఎలా చదువుతాడో దాన్నిబట్టి చెప్పలేం, బడిలో చేర్చేటప్పుడు దాని ఊసే అక్కర్లేదు.