కేంబ్రిడ్జిలో చారు: శ్రీనివాస రామానుజన్ భోజనపు ముచ్చట

శ్రీనివాస రామానుజన్ పేరెరుగని చదువరి దక్షిణదేశమున నుండడు. ఆయన గణితమును బోధపరచుకొన్నవారు మాత్రము మిక్కిలి కొలది. అందుచేతనే కాబోలు, ఆయన చరిత్రము వ్రాయువారు తరచుగా టాక్సీబండి సంఖ్యను గూర్చిన యుదంతమును, నామగిరి తాయారు స్వప్నమును చెప్పి ముగింతురు. ఆ మేధావి దినదినము ఏమి తినెను, ఎవరితో గూడి తినెను, ఎవరు లేక తినలేకపోయెను అను సంగతులు చిల్లరవిగా తోచవచ్చును. కాని పరదేశమున నైదేండ్లు గడపిన యొక శాకాహార విద్యార్థి సుఖదుఃఖములలో సగపాలు ఆ చిల్లర సంగతులలోనే యున్నవి.

ఆయన 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించి, కుంభకోణమున సారంగపాణి సన్నిధి వీథిలోని చిన్న ఇంట పెరిగెను. తండ్రి శ్రీనివాసయ్యంగారు బట్టల దుకాణమున గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనకీర్తనలు పాడి నాలుగు రాళ్లు తెచ్చుచుండెడిది. అదియు చాలక, పట్టణమునకు చదువులకై వచ్చిన పరస్థలపు బాలురను ఇంట నుంచుకొని భోజనము పెట్టుచుండిరి. అనగా ఆ ఇంట లేమి యున్నను ఒంటరి విస్తరి లేదు. పొరుగూరి పిల్లవాండ్రతో కలిసి పంక్తిని కూర్చుండి తినుట ఆయనకు బాల్యమునుండి అలవాటు. లెక్కలలో మునిగియున్నప్పుడు ఆయనకు ఆకలి తెలియదు. అట్టి వేళల తల్లియో అమ్మమ్మయో అన్నమును సాంబారుతోను, చారుతోను, పెరుగుతోను వరుసగా కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టుచుండెడివారట. ఒక చేత పలక, రెండవ చేత ముద్ద. తిన్నది ఏమో ఆయనకు తెలియకపోవచ్చును గాని, ఎవరు పెట్టుచుండిరో తెలియును.

తరువాతి కథ చదువరులకు తెలిసినదే. కార్ గ్రంథమను సూత్రసంగ్రహము చేత చిక్కినది మొదలు తక్కిన పాఠములు గాలికి పోయెను, విద్యార్థివేతనము పోయెను, 1905లో ఇంట చెప్పక విశాఖపట్టణము వరకు వచ్చెను, చెన్నపురి పచ్చయప్ప కళాశాలలోను పరీక్ష దాటలేదు. 1909లో జానకితో వివాహమయ్యెను. 1910 చివర నెల్లూరు కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారు ఆదరించి నెలకు 25 రూపాయలు తమ చేతినుండి ఇచ్చిరి. 1912లో పోర్టు ట్రస్టున 30 రూపాయల గుమాస్తాపని దొరకెను. 1913 జనవరిలో హార్డీ పండితునకు వ్రాసిన ఉత్తరముతో దారి మారెను.

సీమకు పోవుటకు అడ్డువచ్చినవానిలో సముద్రయాన నిషేధము మొదటిది. దాని వెంటనే వచ్చినది భోజనము. 1914 ఆరంభమున చెన్నపురికి వచ్చిన నెవిల్ అను కేంబ్రిడ్జి పండితుడు, ఆయన శాకాహార నియమమునకు అచ్చట భంగము రాదని నచ్చజెప్పవలసివచ్చెను. శిఖ తీసివేయించిరి, కోటు తొడిగించిరి, ముళ్లగరిటె పట్టుట నేర్పిరి. వీనికన్నిటికిని ఆయన లొంగెను. పళ్లెములోని పదార్థము విషయమున మాత్రము లొంగలేదు. 1914 మార్చి 17న ఓడ ఎక్కి, ఏప్రిల్ 14న లండను చేరెను.

కొన్ని వారములు నెవిల్ దంపతుల ఇంట నుండి, పిదప ట్రినిటీ కళాశాలకు చెందిన గదులకు మారెను. ఆ సంవత్సరమే ఆగస్టులో యుద్ధము వచ్చెను. కళాశాలలోని నెవిల్స్ కోర్టు ఆవరణము క్షతగాత్రుల ఆసుపత్రి యయ్యెను, విద్యార్థులు యుద్ధమునకు పోయిరి, ఆవరణములు చిన్నబోయెను. ఇంగ్లీషు కళాశాలలో చదువెంతయో సహపంక్తి భోజనమంత. పెద్ద హాలులో పొడవుబల్లల చుట్టు కూర్చుండి తినునప్పుడే పరిచయములును మైత్రులును కలుగును. మాంసము వడ్డించు ఆ బల్లకడకు రామానుజన్ పోలేదు. ఆ ఒక్క పట్టుదలకు ఆయన ఇచ్చిన మూల్యము ఎంతటిదో పంక్తిభోజనపు రుచి యెరిగిన మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మొదటి మాసములలో మంచి పాలును పండ్లును దొరకుటచేత ప్రాణము నిలిచెను. ఆవల తానే గదిలో వండుకొన నిశ్చయించి, కావలసిన సరకులకు స్వదేశమునకు వ్రాసెను. 1915 ఆరంభమున చెన్నపురి మిత్రునొకని గింజలు తీసిన చింతపండును, మంచి కొబ్బరినూనెను పోస్టు పార్సెలులో పంపుమని కోరెను. ఎలిప్టిక్ ప్రమేయములతో పెనగులాడుచున్న మేధ చింతగింజలను గూడ మరువలేదు! గింజల బరువునకు తపాలా రుసుము దండుగ యని తలచెనేమో. లేమిలో పెరిగినవారి లెక్క అది. మదరాసు విశ్వవిద్యాలయమిచ్చిన ఏటి 250 పౌనులలో 50 పౌనులు కుంభకోణమునకే పోవుచుండెను. ట్రినిటీవారు మరి 60 పౌనులు కలిపిరి. దుస్తులు మార్చి పైజామా తొడుగుకొననిదే వంటకు పూనుకొనడని హార్డీ వ్రాసియున్నాడు. హార్డీ దానినొక వింతగా చెప్పెను గాని, అది మడి యని మన ఇండ్లలో చిన్నపిల్లయు చెప్పగలదు. నూతినీరు, తడిబట్ట లేని చోట ఆయన చేసికొనిన ఏర్పాటది.

1914 డిసెంబరు మాసమున నొకనాడు, కింగ్స్ కళాశాలలో చదువుచుండిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆయన గదికి భోజనమునకు వచ్చెను. రామానుజన్ గ్యాసు నిప్పుపై పెనములో కూర కలియబెట్టుచుండెను. అతిథి యొక మాసపత్రికలోని చిక్కుప్రశ్నను చదివెను. ఒక వీథిలో ఇండ్లకు వరుసగా సంఖ్యలున్నవి. ఒక ఇంటికి ఎడమనున్న సంఖ్యల మొత్తమును కుడినున్న సంఖ్యల మొత్తమును సమానము. ఇండ్లు 50కి పైన, 500కు లోపల. రామానుజన్ గరిటె దింపక, ఆ యొక్క వీథికే గాక అట్టి వీథులన్నిటికిని చెల్లు అవిచ్ఛిన్న భిన్నమును చెప్పి వ్రాసికొనుమనెను. 288 ఇండ్లలో 204వ ఇల్లు ఆ ప్రశ్నకు జవాబు. ఈ కథ చెప్పువారందరు భిన్నమును మెచ్చుకొందురు. మేము పెనమును గూడ గమనింపుమని కోరుచున్నాము. ఎదుట నొక మిత్రుడు, పొయ్యిపై నిద్దరికి సరిపడు కూర; ఆ పరదేశమున ఆయన సంతోషముగా నుండిన క్షణములలో అదియొకటి.

ఇక నొక విందు సంగతి. జ్ఞానేశచంద్ర చటర్జీ యను మిత్రునకు వివాహము నిశ్చయమయ్యెను. రామానుజన్ అతనిని, అతనికి నిశ్చయమైన ఇలా రుద్ర యను కన్యను, తోడుగా మృణాళిని చట్టోపాధ్యాయను భోజనమునకు పిలిచెను. ఈమె హైదరాబాదు నిజాము కళాశాలకు అధ్యక్షుడైన అఘోరనాథుని కుమార్తె, సరోజినీ నాయుడుగారి చెల్లెలు. రామానుజన్ స్వయముగా చారు కాచి వడ్డించెను. అందరును మెచ్చిరి. రెండవసారి వడ్డించెను, తీసికొనిరి. మూడవసారి తేగా స్త్రీలు చాలునని మర్యాదగా చెప్పిరి. మాటలు సాగుచుండెను. కొంతసేపటికి చూడగా గృహస్థు గదిలో లేడు! ఎంతసేపు నిరీక్షించినను రాలేదు. క్రిందికి పోయి విచారింపగా టాక్సీ పిలిపించుకొని పోయెనని తెలిసెను. నాలుగు దినములకు ఆక్స్‌ఫర్డునుండి తంతి వచ్చెను: ఐదు పౌనులు పంపుమని. తాను వడ్డించినదానిని స్త్రీలు వలదనుట అవమానముగా తోచి, వారుండగా తిరిగి రాలేక, చేతిలోని డబ్బు పోనిచ్చినంత దూరము పోయెనని తరువాత చెప్పుకొనెను.

దీనిని పిచ్చిగా కొట్టివేయువారు కలరు. అతి యనుట మాకును సమ్మతమే. అయినను మన విస్తరిమర్యాద తెలిసినవారు కొంచెము నిదానింపవలయును. మన ఇండ్లలో మూడవమారు గరిటె చాపుట చారు మిగిలి కాదు. అతిథి విస్తరిపై చేయి అడ్డము పెట్టినను, ఒక చుక్కయైనను పోసి గాని గృహిణి మరలదు. ఆ చారులోని చింతపండు ఓడమీద వేలమైళ్లు వచ్చినది. పెండ్లికానున్న మిత్రునకు, తల్లి లేని ఆ చోట, తల్లి చేయవలసిన మర్యాదను ఆయన తాను చేయబూనెను. ఆ స్త్రీలు చేసిన తప్పేమియు లేదు. బెంగాలీ, పంజాబీ, మదరాసీ విద్యార్థులు ఒక్క బల్లకడ చారు త్రాగిన ఆ కొద్దిసేపు మాత్రము ట్రినిటీ హాలులో ఆయనకు దొరకని పంక్తి ఆ గదిలో దొరకెను.

1917 వసంతమున వ్యాధి బయలుపడెను. అటుపిమ్మట ఆసుపత్రులే. వంట చేతినుండి జారిపోయెను. జలాంతర్గాముల భయముచేత పండ్లును కాయగూరలును అరుదయ్యెను. ఆరోగ్యశాలల వంటవారికి మన రుచులు తెలియవు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ ఫెలోపదవియు వచ్చెను గాని తిండి సయించలేదు. శాకాహారమే ఆయనను చంపెనని నేటికిని చెప్పువారున్నారు. ఆనాటి వైద్యులు క్షయ యనిరి. 1994లో యంగ్ అను వైద్యుడు పాతపత్రములను పరిశీలించి, అది కాలేయమునకు సోకిన అమీబా వ్యాధి కావచ్చుననియు, స్వదేశమున లోగడ వచ్చిన జిగట విరేచనములే దానికి మూలమనియు వాదించెను. అదియే నిజమైనచో నింద చింతపండుపై వేయుట అన్యాయము. వేళకు వండిపెట్టువారు లేక, ఒక దినపు తిండిని రెండు దినములకు సాగదీసి, రాత్రింబవళ్లు లెక్కలు వేయుట దేహమును కృశింపజేసెననుట మాత్రము కాదనరానిది.

1919 జనవరిలో ఆయన విశ్వవిద్యాలయమునకు వ్రాయుచు, తనకిచ్చు 250 పౌనులు తన అవసరములకు మించినవనియు, తల్లిదండ్రులకు 50 పౌనులు పోగా మిగిలినదానిని పేదబాలుర చదువులకు వినియోగింపవలసినదనియు కోరెను. మార్చిలో బొంబాయి చేరెను. చెన్నపురిలో సాంబారు అన్నమును పెరుగును తినుచు, ఇవి ఇంగ్లండులో దొరకియుండిన తాను జబ్బుపడియుండననెనట. జానకిని వెంట తీసికొనిపోయియుండవలసినదనియు చెప్పుచుండెనని ఆమెయే తరువాతి కాలమున జ్ఞప్తికి తెచ్చుకొనెను. మంచమున పడియుండియు పలక విడువలేదు. 1920 ఏప్రిల్ 26న చేట్‌పట్టులో, ముప్పదిమూడవయేట, తనువు చాలించెను. జానకమ్మగారు కుట్టుపనితో జీవనము గడపుచు తిరువల్లిక్కేణిలో పెక్కేండ్లు నివసించి, 1994లో కాలధర్మము నొందిరి.