మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి పితృఋణము

లేమి సద్గుణములకు పుట్టినిల్లనియు, కలిమి వానిని చెఱచుననియు కొందఱందురు. ఆకలిగొన్నవానికి నీతి యెక్కడిదని మఱికొందఱందురు. ఈ రెండు మాటలను తూచి చూచుటకు మేము మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రమును గైకొనుచున్నాము.

వీరు 1817వ సంవత్సరమున కలకత్తాలో జన్మించిరి. తండ్రి ద్వారకానాథ ఠాకూరుగారు జమీందారులు, గొప్ప వర్తకులు, దాతలు. కుమారుని తొలియౌవనము భోగములలో గడచెను. తమ్ము పెంచిన పితామహి గంగయొడ్డున మరణశయ్యపై నుండగా, సమీపమున ముతకచాపపై కూర్చుండిన వారికి మొదటిసారి ఐశ్వర్యముపై రోత పుట్టెను. పిదప ఒకనాడు పుస్తకమునుండి చినిగి గాలికెగిరివచ్చిన కాగితమొకటి వారి చేజిక్కెను. అది ఈశోపనిషత్తులోని మొదటి మంత్రము. పరధనము నాసింపవలదని దాని బోధ. అప్పటికి వారి యింట ధనమునకు కొదువలేదు; కావున ఆ బోధకు పరీక్షయు లేదు.

పరీక్ష తరువాత వచ్చెను. 1846లో తండ్రి లండనులో గతించిరి. 1848 నాటికి కుటుంబమువారి కార్ ఠాకూర్ కంపెనీ కూలెను. ఈయవలసినది 1 కోటి రూపాయలు. రావలసినది 70 లక్షలు. అయితే తండ్రి ముందుగానే కొన్ని జమీందారీలను కుమారులకొఱకు ట్రస్టుగా వ్రాసియుంచిరి. ఋణదాతలు వానిని తాకుటకు చట్టము ఒప్పదు. ఊరకున్నచో వారిని తప్పుపట్టువారెవరు? దేవేంద్రనాథులు తమ్ముడు గిరీంద్రనాథునితో ఆలోచించి, ఋణదాతల సభలో ఆ ఆస్తినికూడ అప్పగించిరి. వినినవారిలో కొందఱు కంటతడి పెట్టిరట. కుటుంబపోషణకు సంవత్సరమునకు 25,000 రూపాయలు వారే ఏర్పఱచిరి. కొంతకాలమునకు ఆస్తిపాలనను సోదరులకే మరల ఒప్పగించిరి. బండ్లు, గుఱ్ఱములు అమ్ముడుపోయెను, సేవకులు తగ్గిరి. తండ్రి ధర్మకార్యమునకు వాగ్దానము చేసిన లక్షరూపాయలను సైతము కుమారుడు వడ్డీతో చెల్లించిరి.

ఇది దారిద్ర్యమా? కాదని మేము నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. ఏటికి 25,000 రూపాయలుగలవాని లేమి, పూటకు గంజిలేనివాని లేమి ఒకటి గావు. ఋణము తీఱినది జమీందారీల రాబడివలననేగదా! ఆ శిస్తు కట్టిన రైతుల పేళ్లు ఏ చరిత్రములోను కానరావు. అయినను, చట్టము కాపాడిన సొత్తును కాపాడుకొనకుండుట వారికి కలిమి నేర్పినది కాదు. లేమి యింకను వారి గుమ్మము త్రొక్కనే లేదు.

ఋణము తీఱినది, సంపద మరల వచ్చినది. 1863లో బోలుపూరుచెంత రెండు సప్తపర్ణవృక్షములున్న బీడుభూమిని వారు తీసికొనిరి. శాంతినికేతనమనబడిన ఆ స్థలమును 1888లో ఎల్లవారి ధ్యానమునకై ట్రస్టుగా వ్రాసియిచ్చిరి. 1905లో దివంగతులైరి.