డేరాలో మొదలైన పరిచర్య : బిషప్ అజరయ్యగారి జీవితము

ఎనుమాముల మార్కెట్టుకు మిరప, ప్రత్తి బస్తాలతో దూరపు పల్లెల రైతులు వచ్చుట మనము ఏటేటా చూచుచున్నాము. సరుకు దించిన వెంటనే వారు వెదకుకొనునది రాత్రి తల దాచుకొను చోటు. సేవ నిమిత్తము పరదేశము వెళ్లువారికి కూడ మొదట ఎదురగు ప్రశ్న ఇదే. ఎక్కడ ఉండవలెను? ఎవరితో కలిసి భుజింపవలెను? దీనికి తన జీవితముతోనే జవాబు చెప్పిన కీర్తిశేషులు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారిని ఈ శతవార్షిక సంచికలో మేము స్మరించుకొనుచున్నాము.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విలై గ్రామములో ఒక పాస్టరుగారి కుమారుడుగా జన్మించిరి. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతయు తిరిగిరి. 1902లో సింహళములోని జాఫ్నాకు వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతో సువార్తికులను పరాయి చోట్లకు పంపుట చూచి, మన సంఘములు ఈ పని ఏల చేయలేదని నొచ్చుకొనిరి. మరుసటి ఏడే తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. ధనము, సేవకులు, పాలన అన్నియు భారతీయులవే. అది ఎన్నుకొనిన పరిచర్య స్థలము నైజాము రాజ్యములోని దోర్నకల్.

ఇతరులను పంపి తాను నిలిచిపోవుటకు ఆయన మనస్సాక్షి ఒప్పుకొనలేదు. 1909లో అభిషేకము పొంది కుటుంబముతో దోర్నకల్ చేరిరి. ఆయన భార్య అంబు మరియమ్మాళ్‌గారు ఆ దినములలోనే కాలేజీ చదువు చదివిన ఇల్లాలు. వారికిది వేరు భాష, వేరు ప్రభుత్వము. బంగళా లేదు, మొదట డేరాయే నివాసము. అజరయ్యగారు తెలుగు నేర్చుకొని పల్లె పల్లెకు తిరిగిరి.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. 35 ఏండ్ల అజరయ్యగారు అచ్చట నిర్మొగమాటముగా మాట్లాడిరి. విదేశ మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత చెప్పుచునే, వారిలో చాలామంది తోటి భారతీయ సేవకుల ఇండ్లకు రారనియు, వారిని తమ బల్లయొద్దకు పిలువరనియు, స్నేహమే కొరవడినదనియు తెలిపిరి. కొందరు శ్రోతలు నొచ్చుకొనిరి. అయినను ఆ ప్రసంగము మరువబడలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిరి. పదవి పెరిగినను పల్లె జనులకు ఆయన తండ్రిగారే. మన దేశపు శిల్పరీతులతో కట్టించిన దోర్నకల్ కెతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి.

ప్రియ సంఘస్థులారా, నేడు మన బిడ్డలును సేవకై విదేశములకు వెళ్లుచున్నారు. మంచినీరు, ఆరోగ్యము, ఆడపిల్లల భద్రత ముందుగా విచారించుట తగినదే. డేరా అందరికి నియమము కాదు. కాని ఆవరణ గోడ ఎత్తు పెరిగిన కొలది స్నేహము తగ్గును. వెళ్లు బిడ్డలకు ఈ మాట చెప్పి పంపుదము. మన ఊరికి సేవకు వచ్చినవారికి గది చూపి ఊరకుండక, మన ఇంటి అన్నమునకు పిలుచుదము.