తెలుగు నాటకానికి మాట నేర్పిన బళ్ళారి రాఘవ

కౌతాళం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వారికి బళ్ళారి నేడు పొరుగు రాష్ట్రంలోని పట్టణం. 1953 అక్టోబరు 1కి ముందు సంగతి వేరు. అప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. కౌతాళం రైతుకు పెద్ద కచేరీ పని పడితే బళ్ళారికే ప్రయాణం. ఆ రోజుల్లో బళ్ళారి ప్లీడర్లకు ఎంత పేరో, బళ్ళారి నాటకాలకూ అంత పేరు. రెండు పేర్లనూ ఒక్కడే గడించిన వ్యక్తి తాడిపత్రి రాఘవాచార్యులు. లోకం ఆయనను బళ్ళారి రాఘవగా ఎరుగును.

మేనమామ చూపిన బాట

రాఘవ 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు బళ్ళారిలో ఉపాధ్యాయుడు. తల్లి శేషమ్మ. ఆమె సోదరుడే ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన వృత్తి వకాలతు, ప్రాణం నాటకం. బళ్ళారిలో సరస వినోదిని సభ నెలకొల్పి, 1887లో చిత్రనళీయం నాటకాన్ని ప్రదర్శించారు. దుఃఖంతో ముగిసే నాటకం మన సంప్రదాయానికి కొత్త. విషాద సారంగధర రాసి, దాన్ని తెలుగువారికి అలవాటు చేసిందీ ఆయనే.

అదే ఊళ్ళో మరో వకీలు కొలాచలం శ్రీనివాసరావు. హంపీ పక్కనున్న కమలాపురం ఆయన స్వస్థలం. సుమనోరమ సభ పేర నాటకాలు ఆడించారు. పురాణ కథలే నాటకాలుగా వచ్చే రోజుల్లో చరిత్రను రంగం మీదికి తెచ్చారు. ఈ ఇద్దరి నడుమ పెరిగిన పిల్లవాడికి నాటకం ఇంటి విద్య అయింది.

నాటకశాల వచ్చిన కాలం

అంతకుముందు మన పల్లెల్లో ఆట అంటే వీధి భాగవతం, బయలాట. ఊరి నడుమ ఖాళీ జాగాలో గుంజలు పాతి కాగడాలు వెలిగిస్తే జనం చుట్టూ చేరి కూర్చునేవారు. ధార్వాడ, పార్సీ సమాజాల రాకతో కొత్త పద్ధతి వచ్చింది. జనమంతా ఒకే వైపు కూర్చోవాలి. ఎదురుగా ఎత్తయిన వేదిక, దాని ముందు చట్రం, పైకి చుట్టుకునే తెర. వెనుక అడవి, అంతఃపురం, రాజవీధి బొమ్మలు గీసిన పరదాలు. ముందు కుర్చీలు, వెనుక బెంచీలు, నేల. ఎక్కడ కూర్చుంటే అంత టిక్కెట్టు.

ఆ తరహా కట్టడాల్లో పెద్దది మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలు. సెంట్రల్ రైలు స్టేషను పక్కన ఎర్ర ఇటుకతో కట్టిన ఈ భవనానికి నమూనా గీసినవాడు రాబర్ట్ చిజం అనే ఇంగ్లీషు ఇంజనీరు. కట్టినవాడు నంబెరుమాళ్ చెట్టి. మన దేశపు కమానులూ సీమ పద్ధతీ కలిసిన కట్టడం అది. 1891లో ధర్మవరం వారి బృందం మద్రాసు వెళ్ళి అక్కడ నాటకాలు ఆడింది. చదువుకున్నవారు, ఉద్యోగస్థులు వేషాలు కట్టి ఆడటం చూసిన పమ్మల్ సంబంధ ముదలియారు అనే తమిళ యువకుడు అదే ఏడాది సుగుణ విలాస సభ స్థాపించాడు. తమిళుల కొత్త నాటకానికి ఆ విధంగా మన బళ్ళారి వారి ఆటే ప్రేరణ. అప్పటికి రాఘవకు పదకొండేళ్ళు.

రాగం పోయి మాట వచ్చింది

రాఘవ బళ్ళారిలో చదువు ముగించి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పట్టం పుచ్చుకుని, న్యాయశాస్త్రం కూడా పూర్తి చేశారు. తిరిగి వచ్చి బళ్ళారిలో ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసుల్లో దిట్ట అనిపించుకుని, పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవి కూడా నిర్వహించారు. విద్యార్థి దశలోనే మిత్రులతో కలిసి షేక్స్‌పియర్ నాటకాలు ఆడారు. షైలాక్, ఒథెల్లో పాత్రలకు పేరు వచ్చింది. తెలుగుతో పాటు కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాటకాల్లోనూ నటించారు.

ఆనాటి నాటకశాలల్లో మైకు లేదు. చివరి వరుసకు వినిపించాలంటే గొంతు ఎత్తాలి. మామూలు మాట కన్నా రాగం తీసిన పద్యం దూరం పోతుంది. అందుచేత నాటకం నానాటికీ పాటకచ్చేరీగా మారింది. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని కేకలు పెట్టేవారు. చనిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడుకునేది.

రాఘవ ఈ ధోరణికి ఎదురు నిలిచారు. ఆయన పద్యాన్ని సాగదీయక, అర్థం చెవిన పడేటట్టు మాటలాగా పలికేవారు. సాగదీత వచ్చిన చోట పద్యాలు తగ్గించారు. కనుబొమ కదిలిస్తే చాలనుకున్న చోట చేయి ఎత్తేవారు కారు. కొలాచలం వారి రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం, ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు, పాండవుల కథల్లో దుర్యోధనుడు ఆయనకు అఖండ ఖ్యాతి తెచ్చిన పాత్రలు. 1565లో రక్కసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలిన కథను, ఆ శిథిలాలకు కూతవేటు దూరంలో కాపురమున్న వారికి చూపించిన నాటకం రామరాజు చరిత్ర.

ఈ పద్ధతి అందరికీ రుచించలేదు. పద్యాలు వినడానికి డబ్బిచ్చి వచ్చిన వారు నిరాశపడి గొణిగిన సందర్భాలు ఉన్నాయి. రాఘవ మెట్టు దిగలేదు. దానికి ఒక కారణం ఉంది. నాటకం ఆయనకు పొట్టకూటి వృత్తి కాదు. వకాలతు ఆదాయం ఉన్నందున జనం చప్పట్ల కోసం తన నమ్మకాన్ని అమ్ముకోవలసిన అవసరం రాలేదు. సత్కార్యాల నిధుల కోసం ఎన్నో ప్రదర్శనలు ఇచ్చారు.

స్త్రీ పాత్ర స్త్రీకే

ఆయన పట్టుదల చూపిన మరో విషయం ఆడవేషం. కడప జిల్లా సురభి నాటక కుటుంబాల్లో స్త్రీలు అప్పటికే రంగం ఎక్కారు. తక్కిన చోట్ల మగవారే చీర కట్టేవారు. స్త్రీ పాత్రల్లో స్థానం నరసింహారావు వంటి మేటి నటులు జనాన్ని మెప్పించిన కాలం అది. అంతటి ప్రతిభను గౌరవిస్తూనే, స్త్రీ పాత్ర స్త్రీయే వేయాలని రాఘవ వాదించారు. గౌరవ కుటుంబాల ఆడవారు రంగం ఎక్కితే పరువు పోతుందనుకునే రోజుల్లో ఆ మాట అనడానికే ధైర్యం కావాలి. ఆయన అనడంతో ఆగక, చదువుకున్న స్త్రీలను ఒప్పించి తన పక్కన నిలబెట్టారు. వారిలో కొమ్మూరి పద్మావతీదేవి ముఖ్యురాలు. రాఘవ రాసిన తప్పెవరిది నాటకంలో ఆమె నటించి పేరు తెచ్చుకున్నారు. ఆయన రాసిన మరో నాటకం సరిపడని సంగతులు. రెండింటిలోనూ రాజులు, దేవతలు లేరు. మనుషుల ఇళ్ళలో జరిగే సంగతులే వస్తువు.

దేశ విదేశాల్లో

1927లో ఆయన హిందీలో ఆడిన దీనబంధు కబీర్ నాటకాన్ని మహాత్మాగాంధీ చూసి మెచ్చుకున్నారు. మరుసటి ఏడు రాఘవ ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి నాటకశాలలను, నటులను చూశారు. నాటకకర్త బెర్నార్డ్ షాను కలుసుకున్నారు.

ఆపై సినిమా పిలిచింది. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడుగా నటించారు. అదే కథతో అదే ఏడు ద్రౌపదీ వస్త్రాపహరణం కూడా వచ్చింది. పోటీలో రాఘవ చిత్రం నిలవలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో నర్సిరెడ్డి పాత్ర ధరించారు. జమీందారీ పెత్తనం కింద నలిగే రైతుల కథ అది. జమీందారులకు కంటగింపు అయింది. 1940లో వచ్చిన చండికలోనూ ఆయన కనిపించారు. సినిమా ఆయనకు పెద్దగా కలిసి రాలేదు. రంగస్థలం మీద ఎదురుగా కూర్చున్న జనం ఇచ్చే ఊపు కెమెరా ముందు దొరకదు.

జ్ఞాపకంగా మిగిలిన మందిరం

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. ఏడేళ్ళకు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. తెలుగు నాటకానికి పుట్టిల్లు అనదగిన ఊళ్ళలో ఒకటి సరిహద్దుకు అవతల మిగిలింది. అయినా ఆ ఊరు ఆయనను మరువలేదు. ఆయన స్మారక సంఘం వారి రాఘవ కళామందిరం బళ్ళారిలో వెలిసింది. ఇటు తెలుగు నాటకాలకూ, అటు కన్నడ నాటకాలకూ అది వేదిక అయింది. 1981లో భారత ప్రభుత్వం రాఘవ బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

నేడు పల్లెల్లో జాతరకు నాటకం కట్టినా వేదిక మీద మైకులు వేలాడతాయి. మెల్లగా పలికిన మాట కూడా చివర కూర్చున్న ముసలవ్వకు వినిపిస్తుంది. స్త్రీ పాత్రలకు నటీమణులను పిలిపించడం మామూలు సంగతి అయింది. మైకు లేని రోజుల్లోనే మెల్లని మాటను నమ్ముకున్నవాడు, ఊరు వేలెత్తి చూపే రోజుల్లోనే స్త్రీకి రంగం మీద చోటు ఇచ్చినవాడు రాఘవ. ఆదోని నుంచి ఆలూరు మీదుగా బళ్ళారి బస్సెక్కే మనవారు, పని ముగిశాక తీరిక ఉంటే ఆయన పేరిట ఉన్న ఆ కళామందిరాన్ని ఒకసారి చూసి రావచ్చు.