జార్జ్ ఫార్మ్‌బీ

జార్జ్ ఫార్మ్‌బీ (1904 మే 26 – 1961 మార్చి 6) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ హాస్యనటుడు, గాయకుడు, బ్యాంజో-యుకులేలే వాద్యకారుడు. ఈయన అసలు పేరు జార్జ్ హోయ్ బూత్. 1934 నుండి 1946 వరకు 20 చలనచిత్రాలలో ప్రధాన పాత్రలు ధరించాడు. రెండు వందలకు పైగా పాటలు రికార్డు చేశాడు. 1939 నాటికి బ్రిటనులో అత్యధిక పారితోషికం పొందే వినోద కళాకారుడయ్యాడు. స్వరలిపి చదవడం రాని ఈయన, నాలుగు తంత్రుల చిన్న వాద్యంతో లక్షలాది శ్రోతల అభిమానం సంపాదించాడు. బ్యాంజో-యుకులేలే అనగానే నేటికీ మొదట గుర్తుకు వచ్చే పేరు ఈయనదే.

బాల్యం

ఫార్మ్‌బీ లాంకషైర్‌లోని విగన్ పట్టణంలో జన్మించాడు. కన్నులను కప్పిన పొర కారణంగా పుట్టుకతో ఈయనకు చూపు లేదు. కొన్ని నెలల వయసులో తీవ్రమైన దగ్గు వచ్చినప్పుడు ఆ పొర తొలగి చూపు వచ్చిందని చెబుతారు. తండ్రి జేమ్స్ బూత్ "జార్జ్ ఫార్మ్‌బీ" అనే రంగస్థల నామంతో ఆ కాలపు సంగీతశాలలలో గొప్ప పేరు తెచ్చుకొన్న హాస్యగాయకుడు. అయితే కుమారుడు తన వృత్తిలోకి రావడం ఆయనకు ఇష్టం లేదు. ఏడేళ్ళ వయసులోనే బడి మాన్పించి, గుర్రపుశాలలో పనికి పంపాడు. దానివలన ఫార్మ్‌బీకి చదువు సరిగా అబ్బలేదు. పదేళ్ళకే జాకీగా పందేలలో స్వారీ చేశాడు. అప్పుడు ఈయన బరువు 25 కిలోల లోపే. 1921 వరకు ఈ వృత్తిలో కొనసాగినా ఒక్క పందెం కూడా గెలవలేదు.

రంగస్థల ప్రవేశం

1921 ఫిబ్రవరిలో తండ్రి క్షయవ్యాధితో మరణించాడు. ఆ తరువాత మరొక నటుడు తండ్రి ప్రదర్శనను అనుకరించడం చూసి, ఆ వారసత్వం తానే స్వీకరించాలని ఫార్మ్‌బీ నిశ్చయించుకొన్నాడు. అదే సంవత్సరం మార్చిలో ఎర్ల్‌స్‌టౌన్ పట్టణంలో మొదటి ప్రదర్శన ఇచ్చాడు. తల్లి పుట్టింటి పేరుతో "జార్జ్ హోయ్"గా వేదికనెక్కి, తండ్రి పాటలను, హాస్యాన్ని యథాతథంగా అనుకరించాడు. ఆ ప్రదర్శనలకు ఆదరణ లభించలేదు.

1923లో రెండు ముఖ్యమైన మార్పులు జరిగాయి. ఫార్మ్‌బీ ఒక యుకులేలే కొని వాయించడం ప్రారంభించాడు. అదే సంవత్సరం బెరిల్ ఇంగమ్ అనే నర్తకి పరిచయమైంది. 1924లో వారి వివాహం జరిగింది. బెరిల్ భర్త వేషధారణను, ప్రదర్శన పద్ధతిని మార్చి, ఒప్పందాల వ్యవహారం మొత్తం తానే చూసుకొన్నది. తండ్రి నీడ నుండి బయటపడి తనదైన ముద్ర ఏర్పరచుకోవడానికి ఫార్మ్‌బీకి ఆమె పర్యవేక్షణ, చేతిలోని చిన్న వాద్యం రెండూ తోడ్పడ్డాయి.

చలనచిత్రాలు

1934లో విడుదలైన "బూట్స్! బూట్స్!" ప్రధాన పాత్రలో ఈయన మొదటి చిత్రం. అతి తక్కువ ఖర్చుతో తీసిన ఈ చిత్రం విజయవంతమైంది. 1935లో మోటారు సైకిల్ పందేల నేపథ్యంతో వచ్చిన "నో లిమిట్" ఈయనను అగ్రశ్రేణికి చేర్చింది. అమాయకుడైన సామాన్యుడు చిక్కుల్లో పడి, చివరకు గెలిచి, మధ్యలో వాద్యం మీటుతూ పాటలు పాడడం ఈ చిత్రాల సాధారణ కథాక్రమం. 1936 నాటి కిటికీలు తుడిచేవాని పాటలోని ద్వంద్వార్థాల కారణంగా బీబీసీ దాని ప్రసారాన్ని నిషేధించింది. అయినా ఆ పాట ఎంతో ప్రజాదరణ పొందింది.

వాద్యం, వాదన విధానం

యుకులేలే పోర్చుగీసు వలసదారులు 1879లో హవాయి దీవులకు తెచ్చిన చిన్న తంత్రీవాద్యం నుండి పుట్టింది. దాని మెడను, నాలుగు తంత్రులను ఉంచి, చెక్క డొల్లకు బదులు బ్యాంజో వలె చర్మం బిగించిన గుండ్రని చట్రాన్ని అమర్చితే బ్యాంజో-యుకులేలే అవుతుంది. హవాయిలో పుట్టిన ఆల్విన్ కీచ్ దీనిని "బ్యాంజులేలే" అనే వ్యాపారనామంతో ప్రచారంలోకి తెచ్చాడు. ధ్వని బిగ్గరగా ఉండడం వలన మైకులు లేని నాటకశాలలకు ఇది బాగా సరిపోయింది. మన దేశంలో బ్యాంజో అని పిలిచే బుల్‌బుల్ తరంగ్ వేరు. అది మీటలు నొక్కి వాయించే వాద్యం.

ఫార్మ్‌బీ ప్రతిభ ఎక్కువగా కుడిచేతిలో ఉండేది. అన్ని తంత్రులనూ కలిపి మీటడం, అంచు తంత్రులను విడిగా తాకడం వేగంగా మారుస్తూ లయను పండించేవాడు. ఈ పద్ధతిని "స్ప్లిట్ స్ట్రోక్" అంటారు. ఎడమచేతి వేళ్ళకు తెలిసిన అమరికలు మాత్రం పరిమితం. అందుచేత వేర్వేరు శ్రుతులలో సరిచేసిన అనేక వాద్యాలను దగ్గర ఉంచుకొని, పాట శ్రుతి మారినప్పుడు వాద్యాన్నే మార్చేవాడు.

నేర్చుకొనేవారికి వాద్యం ఎంపిక

లండనులోని డల్లాస్ సంస్థ ఫార్మ్‌బీ పేరుతో వేర్వేరు ధరలలో బ్యాంజో-యుకులేలేలను విక్రయించింది. వాటిలో కొత్తగా నేర్చుకొనేవారు కొనగలిగిన చవక నమూనాలు కూడా ఉండేవి. ఫార్మ్‌బీ స్వయంగా గిబ్సన్, లుడ్విగ్, అబ్బట్ వంటి మేలురకం వాద్యాలను కూడా వాయించాడు. కనుక వాద్యంపై ఉన్న పేరును బట్టి నాణ్యతను నిర్ణయించరాదు.

తక్కువ ధర వాద్యంలో ముఖ్యంగా పరిశీలించవలసినవి: మెడ వంకర లేకుండా ఉండడం, బిరడాలు శ్రుతిని నిలపడం, తంత్రులు మెట్లకు మరీ ఎత్తుగా లేకపోవడం, చట్రం చుట్టూ ఉన్న మరలు సమంగా బిగియడం. గుర్రం అతికించి ఉండదు, జరపవచ్చు. పన్నెండవ మెట్టు తంత్రి పొడవుకు సరిగ్గా మధ్యకు వచ్చేట్లు దానిని నిలపకపోతే ఎంత ఖరీదైన వాద్యమైనా అపశ్రుతి పలుకుతుంది.

డప్పును మంటకు కాచి బిగించడం మన గ్రామాలలో తెలిసినదే. ఈ వాద్యపు చర్మానిదీ అదే స్వభావం. కోస్తా వానాకాలపు తేమకు అది సడలుతుంది, అనంతపురం జిల్లా కణేకల్లు వంటి మెట్ట ప్రాంతపు పొడిగాలికి బిగుసుకొంటుంది. అందుచేత కొత్తవారికి ప్లాస్టిక్ పొర అనుకూలం. యుకులేలే వచ్చినవారు అవే వేళ్ళ అమరికలతో దీనిని వాయించవచ్చు. అయితే ఇది బరువుగా ఉంటుంది, నాదం త్వరగా ఆగిపోతుంది.

యుద్ధకాలం, దక్షిణాఫ్రికా పర్యటన

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల వినోదార్థం ఏర్పడిన "ఎన్సా" తరఫున ఫార్మ్‌బీ ఫ్రాన్సు, ఇటలీ, ఉత్తర ఆఫ్రికా మొదలైన చోట్ల ప్రదర్శనలిచ్చాడు. 1945లో భారతదేశం, బర్మా, సింహళం కూడా పర్యటించాడు. సుమారు 30 లక్షల మంది సైనికులు ఈయన ప్రదర్శనలు చూశారని అంచనా. ఈ సేవలకు 1946లో ఓబీఈ పురస్కారం లభించింది.

అదే సంవత్సరం దక్షిణాఫ్రికా పర్యటనలో శ్వేతజాతీయులను, నల్లజాతీయులను వేరుచేసిన సభలలో ప్రదర్శించడానికి ఫార్మ్‌బీ దంపతులు నిరాకరించారు. ఒక నల్లజాతి బాలిక బెరిల్‌కు కానుక ఇచ్చినప్పుడు ఫార్మ్‌బీ ఆ పాపను దగ్గరకు తీసుకొన్నాడు. దీనిపై నేషనల్ పార్టీ నాయకుడు డేనియల్ మలాన్ ఫోనుచేసి ఆక్షేపించగా, బెరిల్ ఆయనకు ఘాటుగా జవాబిచ్చింది. తరువాత 1948లో మలాన్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన ప్రభుత్వమే వర్ణవివక్షను అధికారిక విధానంగా అమలుచేసింది.

చివరి రోజులు

1951లో లండనులో ప్రారంభమైన "జిప్ గోస్ ఎ మిలియన్" సంగీతనాటకం విజయవంతంగా నడుస్తుండగా, 1952లో ఫార్మ్‌బీకి గుండెపోటు వచ్చింది. తరువాత ఆరోగ్యం పూర్తిగా కుదుటపడలేదు. 1960 డిసెంబరు 24న బెరిల్ మరణించింది. కొద్ది వారాలకు ఒక ఉపాధ్యాయినితో ఈయన వివాహం నిశ్చయమైంది. అది జరగకముందే 1961 మార్చి 6న ఫార్మ్‌బీ కన్నుమూశాడు. సుమారు లక్షన్నర మంది అంతిమయాత్ర దారిలో నిలిచి నివాళులర్పించారు. వారింగ్టన్ శ్మశానవాటికలో తండ్రి చెంతనే ఈయనను ఖననం చేశారు.

స్మృతి

ఫార్మ్‌బీ మరణించిన సంవత్సరమే ఈయన పేరిట అభిమానుల సంఘం ఏర్పడింది. ఈ వాద్యాన్ని వాయించేవారు దాని సమావేశాలలో పాల్గొంటారు. బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ కూడా ఇందులో సభ్యుడుగా ఉండేవాడు. 2007లో విగన్‌లో ఫార్మ్‌బీ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

ఇవి కూడా చూడండి

యుకులేలే
బ్యాంజో
బుల్‌బుల్ తరంగ్