నాలుగు దయ్యములతో పోరాడిన అజరయ్య అధ్యక్షులు

చదువవలసిన వాక్యభాగము: దానియేలు 1:8–20, లూకా 16:10



పత్తి చేతికి రాని సంవత్సరమున మన గ్రామములలో ఏమి జరుగునో మనకందరికిని తెలియును. మొదట అప్పు పెరుగును. తరువాత ఇంటి యజమాని ప్రొద్దుగ్రుంకగానే బెల్టు దుకాణము వైపు నడచును. పిల్లవాని చదువు నిలిచిపోవును. కొన్నాళ్లకు ఆ ఇంటివారు ఆరాధనకు వచ్చుట మానుకొందురు. మేము కాపరులమై యుండియు, అనేక పర్యాయములు సమాధి యొద్ద నిలిచినప్పుడే త్రాగుడును గూర్చి మాటలాడితిమి గాని, ఆ మనుష్యుడు బ్రదికి యుండగా అతని గడప త్రొక్కి మాటలాడలేదు. ఈ తప్పిదమును దేవుని యెదుటను మీ యెదుటను ఒప్పుకొనుచు, మన ప్రాంతములోనే ఇట్టి కష్టములను ఎదిరించిన ఒక దైవజనుని జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గములో దోర్నకల్ జంక్షను ఉన్నది. అది మొన్నటి వరకు మన వరంగల్ జిల్లాలోనిదే. 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో చేరినది. అక్కడి గొప్ప దేవాలయమును మీలో అనేకులు చూచియుందురు. దానిని కట్టించినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

అజరయ్యగారు పుట్టుకతో తెలుగువారు కారు. తమిళదేశమున తిరునెల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విళై అను గ్రామములో 1874 ఆగస్టు 17న జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. తల్లి ఎల్లెనమ్మగారు కుమారుని కొరకు ఏండ్ల తరబడి ప్రార్థించి, హన్నావలె అతనికి శామ్యూలు అని పేరు పెట్టిరి. అజరయ్యగారు ఇంకను చదువుకొను దినములలోనే తండ్రి ప్రభువునందు నిద్రించిరి. తల్లి ఆయనను ప్రార్థనయందును క్రమశిక్షణయందును పెంచెను. వేకువనే లేచి దేవుని సన్నిధిలో గడుపు అలవాటు పెద్దవారైన తరువాత కూడ ఆయనను విడువలేదు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, పట్టపరీక్ష సమయమున ఆయన జబ్బుపడిరి. బి.ఏ. పట్టము చేతికి రాలేదు. ఈ కాలమున పరీక్ష తప్పిన పిల్లలు ప్రాణములు తీసికొనుట విని మేము ఎంతో దుఃఖించుచున్నాము. అజరయ్యగారు కూడ బాధపడకపోలేదు. కాని తనకు దొరికిన పనిలో నమ్మకముగా నుండుటకు నిశ్చయించుకొనిరి. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతటను యౌవనస్థుల మధ్య పని చేసిరి. పట్టము లేని ఈ మనుష్యునికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. తలిదండ్రులారా, ఈ సంగతి మీ పిల్లలకు చెప్పుడి.

1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసికొనిరి. ఆమె దక్షిణ తిరునెల్వేలిలో కళాశాల విద్య నేర్చిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. వారు కట్నము లేకుండ బహు కొద్ది ఖర్చుతో పెండ్లి జరుపుకొనిరి. తరువాతి కాలమున ఆయన అప్పును గూర్చి పల్లెవారికి బోధించినప్పుడు, తాను మొదట ఆచరించిన దానినే బోధించిరి.

1902లో ఆయన సింహళద్వీపములోని యాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో ఇతర స్థలములకు సువార్తికులను పంపుట చూచి సిగ్గుపడిరి. మరుసటి సంవత్సరమే, అనగా 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ ఏర్పడెను. సొమ్మును పనివారును మన దేశము వారే కావలెనని దాని నియమము. 1905 క్రిస్మసు దినమున సీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపించిన వారిలోను ఆయన ఒకరు. తిరునెల్వేలి సంఘస్థులు తమ సేవకు ఎంచుకొన్న పొలము నైజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము.

ఇతరులను పంపినవాడు తానెందుకు వెళ్లకూడదను ప్రశ్న ఆయనను విడువలేదు. 1909లో, ముప్పదియైదేండ్ల వయస్సున, దేశమంతట పేరు తెచ్చిన ఉద్యోగము విడిచి, అభిషేకము పొంది, భార్యాపిల్లలతో దోర్నకల్ చేరిరి. ఊరు క్రొత్త, భాష క్రొత్త. పెద్ద పెద్ద సభలలో మాటలాడిన నోటితో చిన్నపిల్లవానివలె తెలుగు మాటలు నేర్చుకొనవలసి వచ్చెను. నేర్చుకొనిరి, తెలుగులోనే బోధించిరి. మరుసటి ఏట, 1910లో, ఎడింబరోలో జరిగిన లోక మిషనెరీ మహాసభలో, దొరలు మన వారికి ధనమును శ్రమను ఇచ్చిరి గాని సమానులుగా ఎంచి స్నేహమును ఇయ్యలేదని ధైర్యముగా చెప్పిరి. అది విని కొందరు కోపించిరి.

మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ దొరగారు అజరయ్యగారిని అధ్యక్షునిగా చేయవలెనని తలంచినప్పుడు, మిషనెరీలలోను మన వారిలోను కొందరు ఎదిరించిరి. అయినను 1912 డిశంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయన అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు అగుట అదే మొదటిసారి.

అధ్యక్షుడై ఆయన ఏమి చేసెనో జాగ్రత్తగా గమనించుడి. ఎడ్లబండి మీద పల్లె పల్లె తిరిగిరి. క్రొత్తగా విశ్వసించిన వారిలో అధికులు మాల మాదిగ పేటలలోని పేదలు. వారిని పీడించు నాలుగు దయ్యములున్నవని ఆయన చెప్పుచు వచ్చిరి. అవి ఏవనగా మురికి, రోగము, అప్పు, త్రాగుడు. బాప్తిస్మము పొందినవాడు వీటితో కూడ యుద్ధము చేయవలెనని వారి బోధ. ఇవి నాలుగును ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని నడచునవి. ఇంటిముందు మురుగు నిలిచినచోట జ్వరము వచ్చును. జ్వరము కూలిని పోగొట్టును. కూలి లేనివాడు షావుకారు యొద్దకు పోవును. అప్పు బాధ మరచుటకు కల్లుపాకకు పోవును. కాబట్టి ఒక్కదానిని వెళ్లగొట్టి మిగిలిన మూడింటిని ఇంటిలో నుంచుకొన్నయెడల, పోయినది తిరిగి వచ్చును.

ఈ యుద్ధమునకు ఆయన ఉపయోగించిన ఆయుధములు చిన్నవే. పల్లెలో ఒక ఉపదేశకుడు, ఒక బడి, దినదినము ప్రార్థన. కొన్ని చోట్ల వైద్యశాల, కొన్ని చోట్ల సహకార సంఘము. దోర్నకల్‌లో తర్ఫీదు పొందువారి భార్యలకు కూడ చదువు నేర్పిరి. స్త్రీల మధ్య పనిలో అన్బమ్మగారు ముందుండిరి. తల్లి మారిన ఇల్లు మారునని వారికి తెలియును. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు దేవుని కొరకు వేరుగా తీసి పెట్టుట పేద స్త్రీలకును అలవాటయ్యెను. కోత పండుగకు ధాన్యము, కోళ్లు, మేకపిల్లలు తెచ్చిరి. పిడికెడు బియ్యము తీసిపెట్టగలిగిన ఇంటికి, మేము పుచ్చుకొనువారమే కాదు, ఇచ్చువారము కూడనను ధైర్యము వచ్చును. అట్టి ఇంటిని అప్పు సులువుగా పడగొట్టలేదు. ఆయన కాలములోనే ఆ అధ్యక్షఖండములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

దోర్నకల్ దేవాలయము కట్టుటకు దాదాపు పాతికేండ్లు పట్టెను. నడుమ మహాయుద్ధము వచ్చెను, ధనము కరవాయెను, పని నిలిచెను, మరల సాగెను. ఆయన పరదేశపు నమూనా తేక, మన దేశపు గుమ్మటములు, స్తంభములు కలిగిన ఆలయమును కోరిరి. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, అది ప్రతిష్ఠింపబడెను. సంఘములన్నియు ఏకము కావలెనని 1919లో తరంగంబాడి సభ నాటినుండి ఆయన పాటుపడిరి. కాని ఆ దినము చూడకుండనే 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను.

ప్రియులారా, ఈ జీవితమును చూచి మేము నేర్చుకొన్నది ఇది. తండ్రి పోయినప్పుడును, పట్టము పోయినప్పుడును, ఊరు భాష మారినప్పుడును ఆయనను నిలిపినది ఆ దినమున క్రొత్తగా తెచ్చుకొన్న బలము కాదు. అంతకు ముందే దినదినము కట్టుకొన్న అలవాటు. దానియేలు కూడ రాజు బల్లయొద్ద కూర్చున్న తరువాత ఆలోచింపలేదు. ముందే హృదయమున నిశ్చయించుకొనెను. అతడు అడిగినది పది దినముల గడువు. కావున మనమును పది దినములతో ఆరంభింతము.

ఈ పది దినములు నీళ్లు కాచి చల్లార్చి త్రాగుడి. ఇంటిముందు నీరు నిలువనీయకుడి. ఇంటి అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, భార్యాభర్తలు కూర్చుండి ఒక పుస్తకములో వ్రాసికొనుడి. దాచిన అప్పే అధికముగా పెరుగును. బెల్టు దుకాణము పిలుచు ఆ సాయంకాలపు వేళనే కుటుంబ ప్రార్థనకు వేళగా పెట్టుకొనుడి. ఏలయనగా పాత అలవాటు లేచిన చోట క్రొత్తది కూర్చుండవలెను. అయితే ఒక జాగ్రత్త: చాలాకాలము విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణకుట, ఫిట్సు, మతి తప్పుట కలుగవచ్చును; అది ప్రాణాపాయము. అట్టివానిని నిందింపక వైద్యుని యొద్దకు తోడుకొనిపొండి. వైద్యుని సహాయము కోరుట అవిశ్వాసము కాదు.

పదునొకండవ దినమున ఎవరైనను తప్పిపోయినయెడల, మరల మొదటి దినమని యెంచుకొని ఆరంభించుడి. ఈసారి కాపరులమైన మేమును సమాధివరకు ఆగక మీ గడపకు వచ్చెదము, తలుపు తీయుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా పల్లెలను పీడించు ఈ నాలుగింటి నుండి మమ్మును విడిపించుము. పంట పోయిన ఇండ్లను జ్ఞాపకము చేసికొనుము. చిన్న సంగతులలో నమ్మకముగా నుండు కృప మాకును, మా పిల్లలకును, నీ సేవకులకును దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.